ప్రత్యక్షమా? ఆప్తవాక్యమా?

కథాచిత్రములను ఇంటిలోనికి రానీయక, పిల్లలకు డాక్యుమెంటరీ చిత్రములను మాత్రమే చూపు గృహస్థులు మా మిత్రులలో ననేకులు గలరు. వారి వాదము స్పష్టమైనది. కథాచిత్రము కల్పితము, అందలి యేడుపును నవ్వును కూలికి వచ్చినవి. డాక్యుమెంటరీ యన్ననో ఉన్నదానిని ఉన్నట్లు చూపును. అందు సముద్రము సముద్రమే; కూలివాడు కూలివాడే. కావున దానివలన జ్ఞానమే గాని చెరుపు లేదు. మేమును చిరకాలము ఈ యభిప్రాయముననే యుంటిమి. తరగతిలో ధ్రువప్రాంతములను గూర్చిన పాఠము చెప్పవలసి వచ్చినపుడు, పుస్తకములోని నాలుగు వాక్యములకంటె ఒక చిత్రమును చూపుట మేలని తలచి చూపితిమి. పిమ్మట ఆ చిత్రము చరిత్రను చదువగా మా నమ్మకమునకు కొంత దెబ్బ తగిలినది. ఆ దెబ్బ యెచ్చట తగిలినదో, ఎచ్చట తగులలేదో విచారించుటకే ఈ వ్యాసము.

ఆ చిత్రము పేరు "నానూక్ ఆఫ్ ది నార్త్". రాబర్టు ఫ్లాహర్టీ యను అమెరికనుడు తీసినది, 1922లో వెలువడినది. మూకచిత్రము, నిడివి గంటా యిరువది నిమిషములు. కెనడాలో హడ్సన్ అఖాతపు తూర్పుతీరమున ఇనుక్‌జువాక్ అను చోట, 1920, 1921 సంవత్సరములలో, ఫ్రాన్సు దేశపు బొచ్చుతోళ్ల వర్తకసంస్థయైన రెవియాన్ సోదరుల ధనసహాయముతో దీనిని తీసిరి. అంతకుముందే ఫ్లాహర్టీ ఆ ప్రాంతమున ఇనుపగనులను వెదకుచు తిరిగినవాడు. అప్పుడు తీసిన చిత్రము 1916లో సిగరెట్టు నిప్పు సోకి తగులబడగా, పట్టువిడువక మరల పోయి తీసినదే యిది. ఆనాటికి డాక్యుమెంటరీ యను మాట ఇప్పటి యర్థమున వాడుకలోనికి రాలేదు. 1926లో జాన్ గ్రియర్సన్ అను స్కాట్లండు విమర్శకుడు ఫ్లాహర్టీయే తీసిన మరియొక చిత్రమును, "మొఆనా"ను, సమీక్షించుచు ఆ మాటను వాడెను. అనగా ఈ జాతి చిత్రములకు పేరు వచ్చుటకును ఫ్లాహర్టీయే కారణము. మూలపురుషుని యింటిలో దోషము కనబడినచో దానిని వంశమంతయు విచారింపవలసి యుండును గదా.

దోషమును చెప్పబోవువారు ముందు గుణమును చెప్పుట న్యాయము. మనుష్యుని చేతులను ఇంత శ్రద్ధతో చూపిన చిత్రమును మేము మరియొకటి చూడలేదు. నానూక్ దంతపుకత్తితో మంచును దిమ్మలుగా కోసి, లోనికి వంచుచు చుట్టును పేర్చి, చూచుచుండగనే యిల్లు కట్టును. పని ముగిసినదని మన మనుకొనునంతలో, గడ్డకట్టిన నీటినుండి తేటయైన పలక నొకదానిని కోసి తెచ్చి గోడలో కిటికీగా నమర్చును. అంతటితో నాగడు. ఆ కిటికీ ప్రక్కను ఒక మంచుదిమ్మను నిలిపి, ఏటవాలుగా వచ్చు వెలుతురును దానిమీదినుండి లోనికి మరల్చును. ఈ చివరి పనిని చూచినపుడు మా పిల్లలందరును ఒక్కసారిగా ఊపిరి బిగబట్టిరి. చదువు లేదు, లోహము లేదు, చెట్టు లేదు. అయినను ఇంత బుద్ధి! పరాయిజాతిపై గౌరవము పదిపుటల పాఠమువలన కలుగనిది ఆ యొక్క నిమిషమున కలిగినది. ఈ ఫలమును తక్కువగా నెంచువారము కాము.

ఇక చరిత్ర వినుడు. నానూక్ అనగా ధ్రువపు ఎలుగుబంటి. అది ఫ్లాహర్టీ పెట్టిన పేరు. అతని యసలు పేరు అల్లకరియల్లక్. తెరపై అతని భార్యగా కనబడు స్త్రీ అతని భార్య కాదు. మంచుటింటిలోపల కెమెరా పట్టదు, వెలుతురు చాలదు. కావున ప్రత్యేకముగా ఇంటి నొకదానిని పెద్దదిగా కట్టించి, అందు సగమును తీసివేసి, ఆ సగము గోడ యెదుట బయటి చలిలోనే ఆ కుటుంబము పరుండినట్లును మేల్కొన్నట్లును చిత్రించిరి. అప్పటికి ఆ ప్రాంతమువారు తుపాకులతో వేటాడుట మొదలుపెట్టి చాలకాలమైనది. తెరపై మాత్రము తాతలనాటి త్రాటిబల్లెముతోనే వాల్రస్ అను పెద్ద సముద్రజంతువును పట్టుదురు. బల్లెము తగిలిన ఆ జంతువు త్రాటితోకూడ మనుష్యులను నీటిలోనికి లాగుచుండగా, తుపాకి పేల్చుమని వేటగాండ్రు కేకలు వేసిరనియు, ఫ్లాహర్టీ విననట్లు నటించి కెమెరా త్రిప్పుచునే యుండెననియు అతని జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. మరియొక ఘట్టమున వర్తకుడు గ్రామఫోను పాడించును. నానూక్ ఆశ్చర్యపడి, నవ్వి, ఆ పలకను పండ్లతో కొరికి చూచును. కొట్లకు వచ్చి పోవు ఆ మనుష్యునకు గ్రామఫోను అపూర్వవస్తువు కాదనియు, ఆ యాశ్చర్యము నటనయే యనియు తరువాతివారు తేల్చిరి.

ఇవి యన్నియు ఒకే తప్పు కావు. అన్నిటిని ఒకే త్రాట గట్టి "మోసము" అని కేకవేయు విమర్శకులతో మేము ఏకీభవింపము. సగము కోసిన యింటిని తీసికొందము. దానివలన ప్రేక్షకుడు నమ్మునది యేమి? ఇన్యూట్ జనులు మంచుటింటిలో కలిసి పరుందురని. అది నిజము. గోడను తీసివేయుట చూపుటకు సాధనమే గాని, చూపబడిన విషయమును మార్చలేదు. ఇంగ్లండులో 1936లో తీసిన "నైట్ మెయిల్" అను చిత్రమునందును ఇట్టిదే గలదు. లండనునుండి స్కాట్లండునకు రాత్రివేళ పోవు తపాలాబండిలో ఉత్తరములను వేరుపరచు గుమాస్తాలను అందు చూచెదము. గుమాస్తాలు నిజమైన గుమాస్తాలే; పెట్టె మాత్రము స్టూడియోలో కట్టినది. బండి కదలుచున్నట్లు తోచుటకై వారు నిలుచుండి ఊగుచు పనిచేసిరి! ఇది వినిన పిల్లలు నవ్వుదురు; నవ్వవలసినదే. కాని తపాలాపనిని గూర్చి వారు నేర్చుకొన్నదానిలో అసత్యమేమియు చేరలేదు.

తుపాకిని దాచుట అట్టిది కాదు. గ్రామఫోను కొరుకుట అట్టిది కాదు. ఇచ్చట మారినది చూపు రీతి కాదు, చూపబడిన మనుష్యుడే. కొట్టులో నక్కతోళ్లనిచ్చి సరకు కొనుచు, తుపాకి పేల్చుచు, యంత్రముల నెరిగి, మన కాలముననే బ్రదుకుచున్న యొక గృహస్థును కాలమునకు వెలుపల నిలిచిన శిశువుగా మార్చిరి. మరియు అతడు శిశువు కాడనుటకు ఈ చిత్రముయొక్క నిర్మాణమే సాక్ష్యము. ఫ్లిల్మును కడుగుటకు నీరు మోసినవారును, కెమెరా చెడినపుడు బాగుచేయుటలో తోడ్పడినవారును, ఏ వేట ఎచ్చట చిత్రించిన బాగుండునో ఆలోచన చెప్పినవారును ఆ జనులే. వేట తప్పిపోయినను చిత్రమే ముఖ్యమని అల్లకరియల్లక్ ముందుగా నొప్పుకొనెనని ఫ్లాహర్టీయే వ్రాసికొనెను. అనగా అతడు మోసపోయినవాడు కాడు, సహకర్త. మోసపోయినవారము కుర్చీలలో కూరుచున్న మనము.

ఫ్లాహర్టీ పక్షమువారు ఇచ్చట నొక సమాధానము చెప్పుదురు. వస్తువుయొక్క ఆత్మను పట్టుటకు దాని బాహ్యరూపమును కొంత మార్చక తప్పదనియు, అంతరించిపోవుచున్న తాతలనాటి ధైర్యమును భావితరములకు దాచిపెట్టుటయే అతని యుద్దేశమనియు వారి మాట. ఈ వాదము మన యాలంకారికులకు క్రొత్త కాదు. రసమునకు అనుగుణము కాని యితివృత్తమును కవి విడిచివేయవచ్చుననియు, ఉన్న కథను ఉన్నట్లు చెప్పుటకు ఇతిహాసమే చాలుననియు ఆనందవర్ధనుడు ఏనాడో తీర్మానించెను. భారతములోని దుష్యంతుడు అన్నియు నెరిగియు శకుంతలను తెలియదనును. కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించి రాజును కాపాడెను. మేము కాళిదాసును అబద్ధికుడనము గదా, ఫ్లాహర్టీని ఏల యందుము?

మా సమాధానమిది. కాళిదాసు నాటకమును చూడవచ్చిన సభ్యునికి భారతకథ ముందుగనే తెలియును. కవి ఎచ్చట మార్చెనో అతడు చూచుచునే యున్నాడు. ఆ మార్పులోనే అతని యానందములో సగము గలదు. 1922లో న్యూయార్కు నగరమున కుర్చీలో కూరుచున్నవానికి ఇన్యూట్ జనులను గూర్చిన భారతమెక్కడ? అతనికి ఆ చిత్రమే మూలము, ఆ చిత్రమే భాష్యము. కల్పన చేయు స్వేచ్ఛ వినువాని జ్ఞానమునుబట్టి యుండును. సరిచూచుకొను వేరుదారి యున్నవానియెదుట చేసిన కల్పన అలంకారము. ఏ దారియు లేనివానియెదుట, నిజమను పేరు పెట్టి చేసినది అపరాధము. కవియై యుండి రాజచరిత్ర వ్రాసిన కల్హణుడు ఈ భేదమును చక్కగా నెరిగినవాడు. గడచినదానిని చెప్పువాని వాక్కు రాగద్వేషములు విడిచిన న్యాయాధిపతి వాక్కువలె నుండవలెనని రాజతరంగిణి మొదటనే నియమము చేసికొనెను. కావ్యమునకు ఒక న్యాయము, వృత్తాంతమునకు ఒక న్యాయము. డాక్యుమెంటరీ రెండవ దుకాణములో కూర్చుండి మొదటి దుకాణపు సరకు అమ్మరాదు.

అయితే ప్రేక్షకుడేల యింత సులభముగా మోసపోవును? ఇదియే మమ్ము చాలకాలము బాధించిన ప్రశ్న. నైయాయికులు ప్రమాణములు నాలుగందురు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. చిత్రమును చూచునపుడు మనము ప్రత్యక్షమును పొందుచున్నామని భ్రమింతుము. "కన్నులార చూచితిమి" అందుము. నిజముగా మనము చూచినది యొక మనుష్యుడు ఏరి, కోసి, వరుసపెట్టి, మనకు చెప్పిన మాటను. అది శబ్దప్రమాణము, ప్రత్యక్షము కాదు. కెమెరాను ఎచ్చట నిలిపెను, ఎప్పుడు త్రిప్పెను, ఎప్పుడు ఆపెను అనునవి యన్నియు వక్తయొక్క వాక్యనిర్మాణమే. పుస్తకమును చదువునపుడు వ్రాసినవాడెవ్వడని యడుగుదుము. తెరయెదుట ఆ ప్రశ్న మన నోటికి రాదు. ఉపకరణము కన్నును పోలియుండుటచేత వక్త కనబడకుండ పోయినాడు.

శబ్దమని తెలిసినపిమ్మట ప్రశ్న సులభమగును: చెప్పువాడు ఆప్తుడేనా? న్యాయభాష్యమున వాత్స్యాయనుడు ఆప్తునికి చెప్పిన లక్షణమును మేము విద్యార్థిదశలో కంఠస్థము చేసితిమి గాని, దాని విలువ ఈ చిత్రము చూచిన తరువాతనే తెలిసినది. విషయమును స్వయముగా నెరిగినవాడును, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపవలెనను కోరికచేత ప్రేరేపింపబడినవాడును ఆప్తుడు. ఫ్లాహర్టీకి మొదటి లక్షణము పూర్తిగా గలదు. ఏండ్లతరబడి ఆ చలిలో తిరిగినవాడు. రెండవదియే లోపించినది. తాను చూచినది తుపాకి పట్టిన వేటగానిని. తెలిపినది బల్లెము పట్టినవానిని. వాత్స్యాయనుడు మరియొక మాట చేర్చెను: ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని. అంత ప్రాచీనకాలమున ఆ మాట వ్రాసిన చేతికి నమస్కారము. ఇన్యూట్ జీవితమును గూర్చి ఆప్తుడు ఇన్యూట్ వాడే కావచ్చునను సంగతి 1922లో చిత్రమును మెచ్చుకొన్న వారిలో ఎందరికి తట్టెనో!

ఇంతవరకు ఇది శాస్త్రచర్చవలె తోపవచ్చును. తెరపై అబద్ధమువలన ఎవరికేమి నష్టమని యడుగువారుందురు. వారికొరకు ఇనుక్‌జువాక్ కథను మరికొంత చెప్పెదము.

చిత్రము వెలువడిన కొలదికాలమునకే అల్లకరియల్లక్ మరణించెను. వేటకు పోయి ఆకలిచేత చనిపోయెనని ఫ్లాహర్టీ చెప్పుచు వచ్చెను. లోకము కన్నీరు కార్చినది. అతడు ఇంటివద్దనే రోగముచేత, బహుశః క్షయచేత, చనిపోయెనని తరువాత విచారించినవారు చెప్పుచున్నారు. క్షయ తెల్లవారి రాకతో ఆ ప్రాంతమున ప్రబలిన వ్యాధి. చిత్రములో మంచుతో పోరాడినవాడు చావులోను మంచుతోనే పోరాడవలెను గాబోలు! రోగమువలన కలిగిన చావును ప్రకృతిమీదికి త్రోయుట ఎంత సుఖము!

1953లో కెనడా ప్రభుత్వము ఇనుక్‌జువాక్‌నుండి కొన్ని కుటుంబములను ఓడలో నెక్కించి, సుమారు 2000 కిలోమీటర్లు ఉత్తరమునకు, గ్రైస్ ఫియర్డు, రెజల్యూట్ అను చోట్లకు తరలించెను, 1955లో మరికొందరిని. వేట సమృద్ధిగా నుండుననియు, ఇష్టము లేకున్న రెండేండ్లలో తిరిగి రావచ్చుననియు మాట యిచ్చిరి. ఆ మాట నిలుపలేదు. ఇనుక్‌జువాక్‌లో శీతకాలమునను సూర్యుడు ప్రతిదినము ఉదయించును. అచ్చట నెలల తరబడి ఉదయింపడు. మొదటి చలికాలము గుడారములలో గడపిరి. కూడ వచ్చినవారికి ఎరుగని దేశము, ఎరుగని వేట. ఉత్తరద్వీపములపై తన యధికారమును స్థిరపరచుకొనుటకే ప్రభుత్వము వారిని జెండాకఱ్ఱలవలె పాతెనని ఆ జనుల యారోపణ. ప్రభుత్వము చెప్పిన కారణము వేరు: సహాయధనమునకు అలవాటుపడి చెడిపోవుచున్న జనులను వారి సహజమైన స్వతంత్రజీవితమునకు మరల్చుటయట. సహజమైన జీవితము! ఇనుక్‌జువాక్ వారు రెండు మూడు తరములుగా పిండిని, తేనీటిని, తుపాకిమందును కొనుక్కొనుచున్నవారు. చిత్రమొక్కటే యింతకు కారణమనుట అతిశయోక్తి యగును. కాని ఉట్టి మంచుమీద, ఉట్టి చేతులతో, నవ్వుచు బ్రదుకగల జాతి యను ఊహ నాగరికప్రపంచమున ఎట్లు స్థిరపడెనో ఆలోచించునపుడు, ఆ ఊహకు ముఖమిచ్చినది ఈ చిత్రమని మరువరాదు.

తరలింపబడినవారిలో జోసెఫీ ఫ్లాహర్టీ యను నతడు గలడు. చిత్రము తీయుకాలమున అచ్చటి స్త్రీయందు రాబర్టు ఫ్లాహర్టీకి కలిగిన కుమారుడితడు. తండ్రి వెడలిపోయిన కొలదినెలలకు, 1921 చివర, పుట్టినవాడు. తండ్రి 1951లో చనిపోవువరకు కుమారుని చూడలేదు. 1955లో జోసెఫీ భార్యాబిడ్డలతో గ్రైస్ ఫియర్డు చేరెను. అతని కుమార్తె మార్తా ఆనాటికి చిన్నపిల్ల. పెరిగి పెద్దదై, ఇన్యూట్ స్త్రీల సంఘమునకు అధ్యక్షురాలై, ఈ తరలింపును గూర్చి బహిరంగముగా సాక్ష్యము చెప్పిన స్త్రీలలో నామె యొకతె. 2009లో ఆమె కథ "మార్తా ఆఫ్ ది నార్త్" అను డాక్యుమెంటరీగా వెలువడినది. ఆ పేరు ఎవరికి జవాబో చెప్పనక్కరలేదు. 2010 ఆగస్టు 18వ తేదీన కెనడా ప్రభుత్వము క్షమాపణ చెప్పెను.

దీనినిబట్టి డాక్యుమెంటరీలో నటన కూడదని మేము తీర్మానించుచున్నామని యెవరును తలపవలదు. అమెరికాలో 1988లో ఎరల్ మారిస్ తీసిన "ది థిన్ బ్లూ లైన్" చిత్రమున ఒక హత్యను నటులచేత మరల మరల నడిపించి చూపుదురు. ఒక్కొక్క సాక్షి చెప్పినదానినిబట్టి ఒక్కొక్క విధముగా! చూడగా చూడగా సాక్షుల మాటలు ఒకదానితో నొకటి పొసగవని తేలిపోవును. చేయని హత్యకు శిక్షపడి పండ్రెండేండ్లు చెరలో నుండిన మనుష్యుడు మరుసటియేట విడుదల యయ్యెను. అచ్చట నటన అబద్ధమును దాచలేదు, పట్టి యిచ్చెను. ఏలయనగా అది నటన యని ప్రేక్షకునకు ప్రతిక్షణము తెలియును. అట్లే జకరియాస్ కునుక్ అను ఇన్యూట్ దర్శకుడు 1990ల నడుమ "నునావుట్" అను పదమూడు భాగముల చిత్రమాలను తీసెను. 1945 నాటి తమ జీవితమును ఇగ్లూలిక్ గ్రామస్థులే, తమ భాషలోనే, నటించి చూపిన దది. అందును మంచుటిండ్లు కట్టుదురు, అందును వేటాడుదురు. అందును నటనయే. కాని జ్ఞప్తి వారిది. ఏది దాచవలెనో ఏది చూపవలెనో నిర్ణయించినవారును వారే.

ఈ చరిత్రనంతయు చెప్పి మేము నానూక్ చిత్రమును పిల్లలకు రెండవసారి చూపితిమి. మొదటిసారికంటె శ్రద్ధగా చూచిరి. మంచుకిటికీ యొద్ద మరల ఊపిరి బిగబట్టిరి. గ్రామఫోను వచ్చినపుడు నిశ్శబ్దముగా నుండిరి. అటుపిమ్మట నొక చిన్నఘట్టము గలదు. వర్తకుని కొట్టులో నానూక్ బిడ్డ బిస్కత్తులు, కొవ్వు మితిమీరి తిని కడుపు చెరుపుకొనగా, వర్తకుడు ఒక గరిటెడు ఆముదము పోయును. బిడ్డ మ్రింగి, పెదవులు నాకుకొని, నవ్వును. "ఇది మాత్రము తప్పక నటనయే. ఆముదము త్రాగి నవ్వు బిడ్డ లోకములో నుండునా?" అని ఒక పిల్లవాడు లేచి అడిగెను. వెనుక బల్లమీది బాలిక ఒప్పుకొనలేదు. పుట్టినదిమొదలు సీలుకొవ్వు తినుచు పెరిగిన బిడ్డకు ఆముదమును కమ్మగానే యుండవచ్చును గదా యని ఆమె వాదము. గంట కొట్టువరకు ఇరుపక్షములును విడువలేదు. మమ్ము తీర్పు చెప్పుమనిరి. ఇనుక్‌జువాక్ వారి నడుగవలెనంటిమి.